బత్తాయిల సంచీతో బెజవాడకు

శనివారం పొద్దున్నే బస్సెక్కాలి, మధ్యాహ్నానికల్లా బెజవాడలో దిగాలి, సాయంత్రం కాలువ వంతెన మీద నిలబడాలి, ఆదివారం పడవెక్కి షికారు చేసి ఇల్లు చేరాలి. త్రికోటేశ్వరరావు వేసుకున్న పథకం ఇంతే. ఇందులో చెడిపోవడానికి ఎక్కడా సందు లేదని అతను గట్టిగా నమ్మాడు.

గురజాలలో అతనికి మోటార్లు రిపేరు చేసే షాపుంది. కాలిపోయిన బోరు మోటారు మోసుకొచ్చే రైతుకు పండగా పబ్బం ఉండవు కాబట్టి ఆ షాపుకూ ఉండవు. భార్య వాసంతిది వెల్దుర్తి పక్క మెట్ట ఊరు. బిందెడు నీళ్ల కోసం ట్యాంకరు ముందు వరసలో నిలబడి పెరిగిన మనిషి. ఆమె తాత కుర్రతనంలో బెజవాడ కాలువల్లో పొగాకు పడవల మీద కూలికి పోయాడట. ఊరి నడిబొడ్డున మూడు కాలువలు పారతాయనీ, జనం వంతెనలు దాటి బజారుకు పోతారనీ ఆయన చెప్పిన కబుర్లు ఆమె మనసులో ఉండిపోయాయి. పెళ్లయిన కొత్తలో చూపించమని అడిగింది. "కాలవ చూడ్డానికి బెజవాడ పోవాలంటే? సాగరు కాలవ మన పక్కనే పోతంది గదా" అని కొట్టిపారేశాడు. తరువాత రెండుసార్లు సంచీ సర్దింది. రెండుసార్లూ ఎవరిదో మోటారు కాలింది. సర్దిన సంచీ విప్పేటప్పుడు ఆమె పల్లెత్తు మాట అనలేదు. ఈ ఇరవై రెండేళ్లూ అతన్ని పొడుస్తూ వచ్చింది ఆ అనకపోవడమే. ఈసారి కూడా తప్పితే ఆమె ఇక ఆశ కూడా పడదని అతనికి తెలుసు.

అందుకే దసరా రద్దీ తగ్గాక, కిటికీలోంచి కాలువ కనబడే గది ఒకటి ఫోనులోనే మాట్లాడి పెట్టి, శుక్రవారం సాయంత్రం పెరట్లో బియ్యం చెరుగుతున్న వాసంతికి చెప్పాడు. ఆమె చేట పట్టుకుని అలాగే నిలబడి ఏడ్చేసింది. అది చూసి అతనికీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఖర్మ కాకపోతే, సరిగ్గా అప్పుడే పక్కింటి వీరరాఘవమ్మ గోడ అవతల కరివేపాకు కోసుకుంటోంది.

కాసేపటికి అతనే ఆమె గుమ్మంలోకి వెళ్లాడు.

"పిన్నీ, రేపూ ఎల్లుండీ మా గేదెను కాస్త నువ్వే చూసుకోవాలి. మేం బెజవాడ పోతన్నాం."

"ఏంది పని?"

నిజం చెప్పడానికి అతనికి నోరు పెగల్లేదు. యాభైకి దగ్గర పడ్డవాడు పెళ్లాన్ని షికారుకు తీసుకుపోతున్నాడంటే వీధిలో ఏడాది పాటు నవ్వుకుంటారు. పోనీ దుర్గమ్మ దర్శనానికని చెబుదామంటే, తమకన్నా ముందు వీరరాఘవమ్మే బస్సులో కూర్చుంటుంది. తల దించుకుని, "ఉంది లే పిన్నీ, పని" అని గొణిగి వచ్చేశాడు.

వీరరాఘవమ్మకు అంతకన్నా ఏం కావాలి? మాటలు వినబడలేదు గానీ, మొగుడూ పెళ్లాం ఏడవడం కళ్లారా చూసింది. ఎన్నడూ మూయని షాపు మూస్తున్నారు. గుడికీ పెళ్లికీ కాకుండా గురజాలవాళ్లు రెండు రోజుల మకాంకు బెజవాడ పోయారంటే అది పెద్దాసుపత్రికే. పోయేది వాసంతి కోసమే, ముందు ఏడ్చింది ఆమే కాబట్టి. రాత్రి భోజనాల వేళకు వీధి వీధంతా ముద్ద దిగక కూర్చుంది. అయినా ఎవరూ వచ్చి అడగలేదు. జబ్బు మనిషి ముందు జబ్బు పేరెత్తడం వాళ్ల దృష్టిలో మహాపాపం.

తెల్లవారుతూనే వీరరాఘవమ్మ ఫ్లాస్కు నిండా రాగిజావతో దిగింది. త్రికోటేశ్వరరావును పక్కకు లాగింది.

"ఒరేయ్ కోటేశూ, ఈ రెండ్రోజులూ దాన్ని పల్లెత్తు మాట అనమాక. పక్కనే ఉండి నేనూ కనిపెట్టలేకపోయా. ఎంత నొప్పి కడుపులో దాచుకుందో పిచ్చిది!"

"నొప్పేంది పిన్నీ?" అని అతను అడిగేలోపే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

బస్టాండు దాకా అదే వీధిలో ఉండే జమాల్ ఆటో. గుంటలు కనబడితే ముచ్చటపడి ఎగిరించే జమాల్, ఆరోజు పెళ్లికూతుర్ని ఊరేగిస్తున్నట్టు నడిపాడు. దారిన పోయే మేకలు ఆటోను దాటి ముందుకెళ్లాయి. బస్టాండులో త్రికోటేశ్వరరావు సంచీ దించుతుంటే జమాల్ వాసంతి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"వదినా, అన్న ముందర మాత్రం ఏడవమాక. నవ్వుతా ఉండు. ఆయన తట్టుకోలేడు."

వాసంతి తిరిగి మొగుడి వైపు చూసింది. ఏం తట్టుకోలేడు? ఈ మనిషికి ఏమైంది?

బస్సులో ముందు సీటు వాళ్ల కోసం ఖాళీ అయింది. కిటికీలోంచి వీధివాళ్లది ఒక్కొక్క చెయ్యే లోపలికి వచ్చింది. ప్రతి చేతిలో బ్రెడ్డు పొట్లమో బత్తాయిలో ఉన్నాయి. "ఏం కాదు, ధైర్యంగా ఉండండి" అని ప్రతి చెయ్యీ చెప్పి వెళ్లింది. బస్సు కదిలేసరికి వాళ్ల ఒళ్లో ఒక సంచీ బత్తాయిలు, ఆ బత్తాయిల మీద చెరొక అనుమానం మిగిలాయి.

పిడుగురాళ్ల దాకా ఇద్దరూ చెరో వైపు చూస్తూ కూర్చున్నారు. ఇంత నొప్పి తనకు చెప్పకుండా దాచుకుందా, చెబితే షాపు వదిలి రాడని అనుకుందా అని అతను కుమిలిపోయాడు. ఇన్నేళ్లకు కాలువలు గుర్తొచ్చాయంటే ఏ డాక్టరో గడువు చెప్పి ఉంటాడని ఆమె వణికిపోయింది. అడుగుదామంటే ఇద్దరికీ భయమే. చివరికి ఇద్దరూ ఒకేసారి చెరొక బత్తాయి ఒలిచారు.

"తిను" అన్నాడు.

"నువ్వు తినయ్యా. బలం రావాల్సింది నీకు."

"నాకెందుకే? నువ్వు తినాలి గానీ."

"నామీద ఒట్టే, తిను."

ఒట్టు పడ్డాక చేసేదేముంది? ఏడుపు మింగుతూ అతనొక తొన, బత్తాయితో పాటు కన్నీళ్లూ మింగుతూ ఆమొక తొన. సత్తెనపల్లి వచ్చేసరికి సంచీ సగం ఖాళీ అయింది.

అక్కడ బస్సెక్కాడు వాసంతి తమ్ముడు రవిశంకర్. బడిపంతులు. తెల్లవారుజామునే వీరరాఘవమ్మ ఫోను చేసి చెప్పిందట. అక్క చెయ్యి పట్టుకుని గుడ్ల నీళ్లు కుక్కుకున్నాడు. బావ జబ్బు సంగతి వీడికీ తెలుసన్నమాట అనుకుంది వాసంతి. తరువాత బావ వైపు వంగి, "బావా, మంచి డాక్టరమ్మ. టైం తీసుకున్నా. దిగంగానే తిన్నగా అక్కడికే" అన్నాడు.

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాలువ మళ్లీ చేతికందకుండా జారిపోతోందని ఇద్దరికీ తెలుస్తూనే ఉంది. అయినా ఇద్దరూ ఒకే మాటగా, "అట్టాగే, పోదాం" అన్నారు.

డాక్టరమ్మ పెద్దావిడ. కళ్లజోడు సర్దుకుని, "పేషెంట్ ఎవరు?" అని అడిగింది.

"ఈమె" అన్నాడు త్రికోటేశ్వరరావు.

"ఈయన" అంది వాసంతి.

రవిశంకర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పొద్దుటి నుంచి బిగబట్టుకున్న వాసంతి ఇక ఆగలేకపోయింది.

"దాయొద్దు డాక్టరుగారూ! ఇరవై రెండేళ్లలో పక్కూరి తిరునాళ్లకు కూడా తీసుకుపోని మనిషి, ఉన్నట్టుండి షాపు మూసి కాలవలు చూపిస్తానన్నాడంటే, ఒంట్లో ఏదో పెద్దదే ఉండబట్టి గదా? లేకపోతే ఎందుకు చూపిస్తాడు?"

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. త్రికోటేశ్వరరావుకు రాలేదు. మొగుడు ఒక్క మంచిపని తలపెడితే చావు ముంచుకొచ్చిందని హడలిపోయేలా ఉంది తన కాపురం! సిగ్గుతో అతనికి చెవులు వేడెక్కాయి.

"నాకేం లేదే" అన్నాడు. "నిన్ను తీసుకురావాలనిపించింది, అంతే. నీకేదో నొప్పంట గదా?"

"నాకెక్కడి నొప్పి? నిన్న ఏడ్చింది సంతోషంతో."

అప్పుడు ఒక్కొక్క ముడీ విప్పుకుంటూ వెనక్కి పోతే, ఆఖరున గోడ అవతల కరివేపాకు దగ్గర వీరరాఘవమ్మ దొరికింది. ఎలాగూ వచ్చారు కదా అని డాక్టరమ్మ ఇద్దరికీ బీపీ చూసింది.

"ఇద్దరికీ ఎక్కువే ఉంది. ఒకరి కోసం ఒకరు భయపడినందుకు పెరిగింది. మాత్రలేం అక్కర్లేదు. ఇక్కడ కూర్చుంటే తగ్గదు, పోయి కాలవ చూడండి."

రవిశంకర్ ఒక బ్రెడ్డు పొట్లం తీసుకుని వచ్చిన దారినే సత్తెనపల్లి బస్సెక్కాడు.

పొద్దు వాలే వేళకు వంతెన మీద ఇద్దరే మిగిలారు. కింద కాలువ నిండుగా పోతోంది. నీళ్లు మట్టిరంగులో ఉన్నాయి. గుర్రపుడెక్క తెప్పలుగా కొట్టుకుపోతోంది. పడవలు లేవు, ప్లాస్టిక్ సీసాలు మాత్రం తాపీగా ప్రయాణం చేస్తున్నాయి.

"నీళ్లు చానా మురికిగా ఉన్నయ్యే" అన్నాడు, ఆ తప్పు కూడా తనదే అన్నట్టు.

"ఉండనియ్. పారతన్నయ్ గా" అంది వాసంతి. రెండు చేతులూ పిట్టగోడ మీద పెట్టుకుని వంగి చూస్తోంది. "మా తాత ఇట్టానే పోయుంటాడు" అని నవ్వింది.

ఆ నవ్వు చూశాక అతనికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"వాసంతీ, నా ఒంట్లో అంతా బాగానే ఉంది. బాగున్నప్పుడే తీసుకొచ్చా. అది గుర్తుపెట్టుకో. ఇంకా తీసుకొస్తా."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. బజారులో పట్టుకోవడం అదే మొదలు. అంతలో ఫోను మోగింది. వీరరాఘవమ్మ. ఆమె వెనక వీధంతా గుమిగూడిన చప్పుడు వినబడుతోంది.

"డాక్టరేమన్నాడ్రా?"

ఏదో ఒక చిన్న జబ్బు పేరు చెబితే పరువు దక్కుతుంది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. వాసంతి అతని మొహంలోకే చూస్తోంది.

"జబ్బేం లేదు పిన్నీ" అన్నాడు గట్టిగా. "వాసంతికి కాలవలు చూపిద్దామని తీసుకొచ్చా. ఊరికే. షికారుకు."

ఇక నవ్వు మొదలవుతుందని అతను కళ్లు మూసుకున్నాడు. నవ్వు రాలేదు. వీరరాఘవమ్మ గొంతు మాత్రం ఒక్కసారిగా లేచింది, అయితే అది అతని మీదకు కాదు, పక్కనే ఉన్న తన మొగుడు పుల్లారావు మీదకు.

"వింటన్నావా? ఏ జబ్బూ లేకుండానే తీసుకుపోయాడంట! ఊరికే అంట! నలభై ఏళ్ల నుంచి నీకేం అడ్డమొచ్చిందయ్యా?"

"మా ఆయనకీ చెప్పక్కా!" అని వెనక నుంచి ఇంకో ఆడగొంతు. ఆపైన అన్ని గొంతులూ కలిసిపోయాయి. వంతెన మీద మొగుడూ పెళ్లాం పగలబడి నవ్వుతుంటే ఫోను ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ చూడలేదు.

మరుసటి శనివారం పొద్దుటి బస్సులో వీరరాఘవమ్మ కొత్త చీర కట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది; ఆమె పక్క సీటులో పుల్లారావు మాత్రం నిజంగానే ఆసుపత్రికి పోతున్నవాడిలా ఉన్నాడు.