ఎన్ మీద రెండు గీతలు

మా ఆయన మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఆయనకు తెలియని దేశం ఈ భూమ్మీద ఒక్కటీ మిగల్లేదు!

ఫిర్యాదు అన్నానని పొరబడకండి. ప్రపంచ దేశాల కరెన్సీ గుర్తులన్నీ చూడగానే చెప్పగల మగమనిషి ప్రతి ఇంటికీ ఒకరు ఉండి తీరాలన్నది నా నిశ్చితాభిప్రాయం. మిక్సీ లేకపోయినా సంసారం నడుస్తుంది. మంగోలియా వాళ్లు తమ డబ్బును ఏమంటారో తెలియకపోతే ఎలా నడుస్తుందండీ?

మా ఆయన వీరేష్‌కు ధర్మవరం పట్టుచీరలు తెచ్చి అమ్మే చిన్న కొట్టు ఉంది. రెండేళ్ల కిందట ఫోన్‌లో ఏదో క్విజ్ యాప్ దించుకున్నారు. డాలరు, పౌండు, యూరోలతో మొదలైన వ్యవహారం ముదిరి పాకాన పడింది. ఇప్పుడు సంగటి ముద్ద నోట్లో ఉండగా టీ అక్షరం మీద రెండు గీతలు గీసి చూపించినా సరే, "మంగోలియా, టుగ్రిక్" అనేసి ముద్ద మింగుతారు. ఇన్ని గుర్తులు తెలిసిన మనిషికి, నేను చెయ్యి చాపినప్పుడు మాత్రం మన రూపాయి గుర్తు గుర్తుకు రాదు. అంత పెద్ద జాబితాలో ఒకటి జారిపోవడం సహజమే కదా!

దీనివల్ల వ్యాపారానికి ఎంత మేలో చూడండి. నల్లమాడ నుంచి పెళ్లివాళ్లు వచ్చారు. పన్నెండు వేల చీర నచ్చింది. ఈయన ఊరుకోకుండా, ఇదే చీర వియత్నాం డబ్బుల్లో అయితే ముప్పై లక్షల పైమాటే అని వివరించారట. పెళ్లికూతురి తల్లి ఆ చీరను పసిబిడ్డను పడుకోబెట్టినట్టు కౌంటర్ మీద పెట్టి, బస్సుకు టైమైందని వెళ్లిపోయింది. పోతే పోయింది. ఆమెకు వియత్నాం గురించి ఉచితంగా తెలిసింది!

ప్రయాణాల్లో అయితే ఇక కాలమే తెలియదు. గుత్తికి వెళ్లినప్పుడల్లా చిలీ దేశం ఎంత పొడవో చెబుతుంటారు. చిలీ పూర్తయ్యేసరికి కొండ మీది కోట దాటిపోతుంది. ఇన్నేళ్లుగా అటు పోతున్నాం, ఆ కొండ ఎక్కే దారి ఎటువైపు ఉందో మా ఇద్దరికీ తెలియదు. తెలిసి మాత్రం ఏం లాభం? దానికి కరెన్సీ లేదు కదా!

మా ఊళ్లో ఇలాంటి వాళ్లే ఇరవై మంది కలిసి ప్రపంచ అవగాహన మిత్రమండలి అని ఒకటి పెట్టుకున్నారు. రిటైరైన లెక్కల మాస్టారు నల్లప్ప సార్ అధ్యక్షులు. కిందటి పోటీలో మా ఆయనకు ఫస్ట్ ప్రైజుగా గ్లోబు వచ్చింది. ముప్పాతిక భాగం సముద్రమే. మా ఇంట్లో ఎప్పుడూ నీళ్లున్న వస్తువు అదొక్కటే.

ఎందుకంటే, మా వీధికి కొళాయి నీళ్లు ఎనిమిది రోజులకోసారి వస్తాయి. తెల్లవారుజామున అయిదున్నరకు వచ్చి, ముప్పావు గంటలో పోతాయి. వాల్వు తిప్పే తిప్పయ్య తర్వాతి వంతు ఎప్పుడో ముందే చెబుతాడు. నేను వంటింటి క్యాలెండర్‌లో ఆ తేదీ మీద ఇంగ్లీషు ఎన్ అక్షరం వేస్తాను. ఎన్ అంటే నీళ్లు. అడ్డంగా ఒక గీత కొడితే మామూలు వంతు. రెండు గీతలు కొడితే ఆ తర్వాతి వంతు ఇంకా ఆలస్యమని, సంపు మొదలు చారు గరిటె దాకా నీళ్లు పట్టగలిగినవన్నీ నింపుకోవాలని అర్థం. డిగ్రీ చదివిన దాన్ని కదా, అలాగే గ్యాసుకు జీ, పాలు రాని రోజుకు పీ, కరెంటు తీసే రోజుకు కే, వాటి మీద తలా ఒకటో రెండో గీతలు పెట్టుకున్నాను. పద్దెనిమిదేళ్లుగా అదే గోడ, అవే గుర్తులు.

కిందటి వారం పామిడిలో మా పెద్దక్క కూతురికి శ్రీమంతం. శుక్రవారం పోయి శనివారం మధ్యాహ్నానికి తిరిగొస్తాను. శనివారం గడిలో రెండు గీతల ఎన్ ఉంది. ఆదివారమేమో మా ఇంట్లోనే మిత్రమండలి భోజనాలు, మా ఆయనకు సన్మానం. ఇరవై మంది! కాబట్టి బయలుదేరేటప్పుడు ఒక్కటే చెప్పాను, క్యాలెండర్ చూసి చేయమని. గుర్తు అంటే ఏమిటో విడమరచి చెప్పాలని నాకు తోచలేదు. ఆ పొరపాటు నాదే రాసుకోండి.

సాయంత్రం ఫోన్ చేసి, క్యాలెండర్ చూశారా అని అడిగాను.

"చూసినా. శానా సులభంగా ఉండాది. అంతా పూర్తి చేసేసినా, నువ్వు నిమ్మళంగా ఉండు" అన్నారు.

తెల్లవారి కదా పూర్తి చేయాల్సింది అని నాకు ఒక్క క్షణం అనిపించింది. ముందుగానే బిందెలు కడిగి వరసగా పెట్టుకున్నారు కాబోలని మురిసిపోయి, మా అక్కతో మా ఆయన గురించి గొప్పలు కూడా చెప్పుకున్నాను. ఆడవాళ్లం, మనకు సాక్ష్యాలు అక్కర్లేదు.

శనివారం ఇంటికొచ్చి చూస్తే బిందెలు మోగుతున్నాయి. సంపులో ఒక బల్లి తిరుగుతోంది. క్యాలెండర్ మాత్రం నిండుగా ఉంది! ప్రతి ఎన్ కింద అందమైన దస్తూరీతో నైజీరియా. పాలు రాని రోజుల కింద ఫిలిప్పీన్స్. గ్యాసు కింద పరాగ్వే. కరెంటు తీసే రోజు కింద లావోస్. అడుగున ఎర్ర పెన్నుతో పదికి పది, తనే వేసుకున్నారు. నా భార్య ఎవరికీ చెప్పకుండా నాకోసం క్వశ్చన్ పేపర్ తయారు చేసిందే అని ఆయనకు కళ్లు చెమర్చాయట. పద్దెనిమిదేళ్లలో ఆయన ఆ క్యాలెండర్‌ను చూడటం అదే మొదటిసారన్న సంగతి అప్పుడు నాకు తెలిసింది.

పొద్దున అయిదున్నరకు గోడ మీద నుంచి కేకలేశానని, మా ఆయన్ని అన్నా అని పిలిచే పక్కింటి జుబేదాబీ చెప్పింది. అన్న చెవుల్లో వైర్లు పెట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడట. బొలీవియా గురించి వింటున్నారని తర్వాత తేలింది. గుర్తులు వేసింది నువ్వు, చెప్పకపోతే నాకెట్లా తెలుస్తుందని మా ఆయన వాదించారు. నిజమే. నైజీరియా వాళ్లు మాత్రం ఇంటికొచ్చి విడమరచి చెప్పిపోయారు కాబోలు!

తిప్పయ్యను అడిగితే, మళ్లీ పది రోజులకే అన్నాడు. ట్యాంకరు వాడు సోమవారమన్నాడు. ఆదివారం పొద్దునకు ఇంట్లో ఉన్నది ఒక చెంబెడు నీళ్లు, ఒక గ్లోబు.

చివరికి జుబేదాబీయే కరుణించింది. తన డ్రమ్ము మూత తీసి, ఒక షరతు పెట్టింది. నీళ్లు ఇస్తుంది, కానీ నాకు కాదు. అన్నే వచ్చి, అన్నే మోసుకోవాలి. మా ఆయన లుంగీ ఎగ్గట్టి బిందె తీసుకుని వెళ్లారు. ఆమె చెంబుతో తోడి పోస్తూ అందట:

"ఏమన్నా, దేశాలన్నీ నీ నోట్లోనే ఉండాయి గదా. ఏదో ఒక దేశానికి చెప్పి రెండు బిందెలు తెప్పియ్యరాదా?"

మొదటి బిందెకు ఆయన నవ్వారు. మూడో బిందెకు నవ్వలేదు. అయిదో బిందె దించి, నడుము పట్టుకుని, క్యాలెండర్ ముందు కాసేపు నిలబడ్డారు. పరాగ్వే మీద వేలు పెట్టి ఇదేమిటని నన్ను అడిగారు. గ్యాసు అన్నాను. లావోస్ అడిగారు. కరెంటు అన్నాను. ఆ తర్వాత ఆరో బిందెకు వెళ్లారు.

ఇంతలో సభ్యులంతా వచ్చేశారు. శాలువా, పూలదండ బల్ల మీద గ్లోబు పక్కన పెట్టారు. మంచినీళ్ల కోసం వంటింట్లోకి తొంగిచూసిన నల్లప్ప సార్ కళ్లు క్యాలెండర్ మీద పడ్డాయి. పైనుంచి కిందిదాకా చదివి, ఉప్పొంగిపోయి, దాన్ని మేకు మీద నుంచి తీసి హాల్లోకి పట్టుకుపోయారు. ఇంటి గోడను కూడా పాఠశాలగా మార్చిన సంసారం ఈ జిల్లాలో ఇంకొకటి లేదన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఏదీ, చెప్పండప్పా" అన్నారు సార్, శనివారం గడి మీద వేలు పెట్టి. "ఎన్ మీద రెండు గీతలు. యా దేశం?"

నైజీరియా అని ఇరవై గొంతులు ఒకేసారి పలికాయి.

సరిగ్గా అప్పుడే మా ఆయన ఆరో బిందె భుజాన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. చొక్కా సగం తడిసింది. అందరూ ఆయన వంక చూశారు. ఆయన నా వంక చూశారు. నేను వంటింటి గడప దగ్గర చింతపండు పిసుకుతూనే ఉన్నాను.

"నైజీరియా కాదు సార్" అన్నారు మా ఆయన, బిందె దించకుండానే. "అది నీళ్లు. నేనే తప్పు సదివినా."