నడిచి వెళ్ళిన ఇల్లు

ఆ ఉదయం అన్సెల్మో అనుకున్న పని చిన్నదే. వానలకు సరస్సు పొంగకముందే, నిట్రాళ్ళ మీద ఎత్తుగా నిలిచిన తన వెదురు ఇంటిని అరవై అంగల అవతల మెరక మీదికి మార్చాలి. స్పెయిన్ దొరలు ఏలే ఆ రోజుల్లో మా లగూనా సరస్సు ఒడ్డున ఇల్లు మారడమంటే సామాను మోయడం కాదు, ఇంటినే మోయడం. ఇరవై మంది వచ్చి నిట్రాళ్ళకు బొంగులు కట్టి భుజాలకెత్తుకుంటారు. ఇంటివాడు కోడి పులుసు పెడతాడు. అంతే.

ముందు బొంగు మకారియోది. అన్సెల్మో కూతురు బసీలియాను కోరి రెండేళ్ళుగా ఆ ఇంట చాకిరీ చేస్తున్నాడు. మా వైపు పిల్ల కావాలంటే పిల్ల ఇంట్లో పనిచేసి చూపించాలి గాని, ఎవరైనా ఒక్క కోతకాలం చేస్తారు. ఇతను నీళ్ళు మోశాడు, కట్టెలు కొట్టాడు, వడ్లు దంచాడు. ఆమె ఔననలేదు. అతనంటే అయిష్టం కాదు. కిటికీ దగ్గర చాప అల్లుకుంటూ, సరస్సు మీది మంచులో పడవలు ఒక్కొక్కటే కరిగిపోవడం చూసే ఆ చోటును వదలలేకపోయింది. పెళ్ళయితే అత్తారింటికి పోవాలి కదా.

"దిగవే తల్లీ, ఇల్లు లేపాలి," అన్నాడు తండ్రి.

"దిగను. ఇవాళ దిగమంటారు, రేపు అత్తారింటికి పొమ్మంటారు. ఈ ఇంట్లోంచి అడుగు బయట పెట్టను."

"మరి మకారియోకి ఏం చెప్పమంటావు?"

"కిందే ఉన్నాడుగా, విననీ."

మకారియో విని నవ్వాడు. "ఉండనీ మామా, ఆవిడెంత బరువని!"

"అప్పుడే మామా అనకు. ముందు బొంగు పట్టు," అని అన్సెల్మో, పులుసు మాడుతుందేమోనని మెరక మీది పొయ్యి దగ్గరికి పరుగెత్తాడు.

ఇల్లు లేచింది. మంచు నడుము దాకా ఉంది. మోసేవాళ్ళ కాళ్ళు కనబడక, ఇల్లు తెల్లటి నీళ్ళ మీద తేలిపోతున్నట్టుంది. కిటికీలో బసీలియా చాప అల్లుతూ కూనిరాగం తీస్తోంది. రెండేళ్ళలో ఆ గొంతును మకారియో అంత దగ్గరగా, అంతసేపు విన్నది లేదు. అతని కళ్ళు సగం మూతపడ్డాయి. మెరక దాటిపోయింది. పొగలో కళ్ళు నులుముకుంటున్న అన్సెల్మో చూడలేదు. వెనకవాళ్ళకు ముందువాడి వీపు తప్ప ఏమీ కనబడదు.

"మెరక ఇంత దూరమా?" అన్నాడు వెనక బొంగు మోస్తున్న సిల్వెస్త్రే.

"ముందున్నవాడికి తెలీదా? నడువు," అన్నాడు పక్కవాడు.

దారిలో చేపలమ్మి గంప దించి బుగ్గలు నొక్కుకుంది. "ఓరి దేవుడా! పిల్లనివ్వమంటే ఇంటితో సహా ఇచ్చాడా అన్సెల్మో!"

ఆ మాట చాలింది. గుమ్మాల్లోంచి బియ్యం చల్లారు. ఎవరో పరుగెత్తి చర్చి గంట మోగించారు. గంట విని, ఏదో మంచి పనే చేస్తున్నామని మోసేవాళ్ళు జోరు పెంచారు.

"ఆగండ్రా! నా వంగమడి!"

ఆ కేక మకారియో తల్లి తోమాసాది. ఇరవై మందీ ఆగారు. ఆగినవాళ్ళు బరువు దించుతారు. దించారు, వంగమడిలోనే.

మకారియో కళ్ళు తెరిచాడు. రోజూ బసీలియాను తలుచుకుంటూ ఇంటికి నడిచొచ్చే దారి అది. కాళ్ళు అలవాటు తప్పలేదు.

గరిటెతో సహా అన్సెల్మో ఊడిపడ్డాడు. "ఇంట్లో దొంగలు పడతారని విన్నాను గాని, ఇంటినే ఎత్తుకుపోయినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా!"

వెనకే పాద్రీగారు, ఊరి జనం వచ్చారు. "గంట మోగింది, బియ్యం పడింది. ఇంకేముంది, దిగమ్మా కోడలా!" అన్నారు ఆడవాళ్ళు. బసీలియా కిటికీ చట్రాన్ని గట్టిగా పట్టుకుంది.

"దిగొద్దు!" అన్నాడు మకారియో. "ఆమె ఔననలేదు. తప్పు నాది. పట్టండి, వెనక్కి పోదాం."

"తినందే కదలం," అన్నాడు సిల్వెస్త్రే.

మకారియో ఒక్కడే బొంగు కింద భుజం పెట్టాడు. నరాలు ఉబ్బాయి. ఇల్లు ఇసుమంత కూడా కదల్లేదు.

బసీలియా అతన్ని చూసింది. తల ఎత్తి బయటికి చూసింది. అదే సరస్సు. అదే మంచు. ఒక పడవ నెమ్మదిగా కరిగిపోతోంది.

"మకారియో," అంది. "నడుం విరగ్గొట్టుకోకు. ఇల్లు ఇక్కడే ఉండనీ. నేను మాత్రం దిగను. కాళ్ళు కడుక్కుని నువ్వే పైకి రా."

"మరి నా వంకాయలో?" అంది తోమాసా. ఎవరూ వినిపించుకోలేదు.

పెళ్ళయిన సాయంత్రమే మకారియో తల్లి దగ్గర సెలవు తీసుకుని, పన్నెండు అంగలు నడిచి, సొంత పెరట్లోనే ఇల్లరికం వెళ్ళాడు.