జట్కా చంద్రకు పట్టాలొచ్చిన రోజు

నంద్యాలలో ఒకప్పుడు గుర్రపు ట్రాములు నడిచాయని మద్దిలేటయ్యగారు మైకులో ప్రకటించేదాకా ఆ సంగతి నంద్యాలకే తెలియదు. పార్టీ పట్టణ అధ్యక్షుడిగా తీరిక లేకపోయినా, చరిత్ర కోసం ఆయన అంత టైమివ్వడం గొప్ప విషయం.

ఆధారం స్టేషన్ రోడ్డులోనే దొరికింది. జట్కా చంద్ర కొట్టానికి తాతలనాటి రేకు బోర్డు ఉంది. దానిమీద గుర్రం బొమ్మ, కింద టి, ఆర్, ఎ, ఎం అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు.

"ట్రాం!" అన్నారు మద్దిలేటయ్య.

"కాదన్నా, మా తాత పేరు. తలుపుల రాముడు. టి. రామ్. టీ పక్కన చుక్క ఎండకు చెరిగిపోయిందని మా నాయన చెప్తాండె."

"ఎంత మనిషప్పా మీ తాత! పేరులోనే ట్రాం పెట్టుకున్యాడు."

వెంటనే కమిటీ వేశారు. నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ దాకా ట్రాం నడిచిందని కమిటీ తేల్చింది. "మరి పట్టాలు ఒక్కటీ దొరకలేదే?" అని విలేకరి అడిగితే, "చూశారా, అంత పాతవి!" అన్నారు మద్దిలేటయ్య.

చంద్రకు ట్రాంతో పనిలేదు. పెళ్లి ఊరేగింపులకు పోయే ఒక్క గుర్రం, దాన్ని కట్టేసే ఆ కాస్త జాగా, అంతే అతని బతుకు. జాగాకు పట్టా లేదు. ఖాళీ చేయమని ఎప్పుడూ ఎవరో ఒకరు బెదిరిస్తూనే ఉంటారు.

"బోర్డు తీస్కపోండన్నా. ఈ జాగాకు మాత్రం పట్టా..."

"పట్టా ఏందప్పా, పట్టాలే ఇప్పిస్తా! ఈ జాగాలోనే, అందరి ముందర!"

చంద్రకు కళ్లనీళ్లు తిరిగాయి. అతని భార్య కొండమ్మ వీధంతా బూందీ పంచింది.

అనుకున్న రోజు రానే వచ్చింది. 'జట్కా చంద్రకు పట్టాల ప్రదానం' అని ఇంత పెద్ద ఫ్లెక్సీ. చంద్ర ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుర్రానికి పూలదండ వేసి, కళ్లెం పట్టుకుని ముందు వరుసలో నిలబడ్డాడు.

మద్దిలేటయ్య చెయ్యి ఊపారు. లారీ వెనక్కి వచ్చింది. కూలీలు గుర్రం కట్టేసే గుంజ పెరికేసి, ఆ చోట రెండు ఇనప పట్టాలు పరిచారు. వాటిమీద ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన రాతి గుర్రాన్ని నిలబెట్టారు. చప్పట్లు మారుమోగాయి.

"నా కాగితం యాడన్నా?"

"ట్రాం పట్టాలకు కాగితమేందప్పా? నేను మాట తప్పినానా? నవ్వు, ఫొటో తీస్తాండారు."

ఏడుపొస్తున్నా చంద్ర నవ్వాడు.

తర్వాత కొత్త బోర్డు మీది గుడ్డ తొలగించారు. చంద్రకు చదువు రాదు. కొండమ్మే చదివి వినిపించింది:

"చారిత్రక గుర్రపు ట్రాం స్టేషన్. ఇక్కడ గుర్రాలను కట్టరాదు."