సీలు నిలవని కాగితం

పొద్దున్నే కాగితం ఇచ్చేసి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి ఓ కునుకు తీయాలనుకున్నాడు లిఫ్టు మెకానిక్కు. ఏడాది పాటు పరాయి దేశంలో లిఫ్టులు బిగించి వచ్చాడు. అక్కడి జీతంలో పన్ను అక్కడే కోసేశారు. కోసినట్టు వాళ్లిచ్చిన ధ్రువపత్రం ఇక్కడి పన్నుల ఆఫీసులో చూపిస్తే సరి. లేకపోతే అదే జీతానికి ఇక్కడా కట్టాలి, అందుకు కూతురి కాలేజీ ఫీజు కోసం దాచిందే దిక్కు. గడువు ఈ రోజుతో ఆఖరు.

బీరువా తెరిస్తే ధ్రువపత్రం తళతళా మెరిసింది. రిటైరయ్యాక మామగారు లామినేషన్ మిషను కొన్నారు. అప్పటినుంచి ప్లాస్టిక్ తొడుగు లేని కాగితం కంటపడితే ఆయనకి అన్నం సయించదు.

"మావయ్యగారూ, దీనికీ వేశారా?"

"అంత విలువైన కాగితాన్ని పాడు కానిస్తానా అల్లుడుగారూ?" అంటూ ఆయన చెప్పులేసుకుని బజారుకు వెళ్లిపోయారు.

పన్నుల ఆఫీసు కౌంటర్లో గుమాస్తా సీలు గుద్దాడు. సిరా జారి అతని చొక్కాకే అంటింది. "ప్లాస్టిక్ మీద సీలు నిలవదండి. తీసేసి తీసుకురండి" అన్నాడు. అడిగిందానికి మించి ఒక్క మాట ఖర్చుపెట్టే రకం కాదతను.

ఇంట్లో భార్య ఇస్త్రీపెట్టె అందుకుంది. "వేడి తగిలితే అదే ఊడొస్తుందండీ. ఇలా ఇవ్వండి."

ఊడొచ్చింది, అక్షరాలతో సహా. సంతకం ప్లాస్టిక్‌తో పోయింది, కాగితం తెల్లగా మిగిలింది. మెకానిక్కు కుర్చీలో కూలబడ్డాడు. ఎన్ని అంతస్తులు ఎక్కి దిగినా ఇంత నీరసం ఎరగడు. ఫీజు సంగతి కూతురికి ఏమని చెప్పాలో తోచక అతనికి ఏడుపొచ్చింది.

అప్పుడే మామగారు చేతిలో కొత్త ప్లాస్టిక్ షీట్లతో వచ్చారు. సంగతి విని తాపీగా కూర్చున్నారు.

"అది జిరాక్సు కదయ్యా. ఎలా వస్తుందోనని ముందు దాని మీద వేసి చూశాను. అసలుది నా పెట్టెలో ఉంది. షీట్లు తెచ్చాగా, ఇప్పుడు దానికీ వేసేద్దామా?"

అల్లుడు పెట్టె తెరిచి, కాగితం తీసుకుని ఆఫీసుకు పరుగెత్తాడు. గుమాస్తా దాన్ని ఒకసారి చూసి వెనక్కి తోశాడు.

"అసలుది మేం ఉంచుకోమండి. జిరాక్సు కావాలి. పొద్దున తెచ్చింది జిరాక్సేగా, అది ఇవ్వండి."

"ఆ ముక్క పొద్దునే చెప్పొచ్చు కదండీ."

"మీరు అడగలేదు."

మెకానిక్కు కాళ్లీడ్చుకుంటూ ఎదురుగా ఉన్న కొట్టుకెళ్లి జిరాక్సు తీయించుకొచ్చాడు. కౌంటరు మూసేలోపు సీలు పడింది, ఫీజు దక్కింది. గుమాస్తా రసీదు చేతిలో పెట్టి, అడక్కుండానే ఒక మాట చెప్పాడు. "ఇది మాత్రం భద్రంగా దాచుకోండి."

మెకానిక్కు దాన్ని నాలుగు మడతలు పెట్టి, మామగారు ఎన్నడూ చెయ్యిపెట్టని పనిముట్ల సంచిలో, స్పానర్ల అడుగున దాచాడు.