ఎనిమిదో నంబరు క్విల్టీ

శనివారం ఉదయం మెరిన్ వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదిలోపు తమ కుర్రాబిన్ రగ్బీ క్లబ్బు జట్టు జాబితా లీగ్‌కి పంపేయాలి, మొగుడు సెమిసితో కలిసి సాసు కారే మాంసం రొట్టె చెరిసగం తినాలి, మధ్యాహ్నం అతను సెమీఫైనల్ ఆడుతుంటే గొంతు పోయేలా అరవాలి. పెళ్లయి ఆరు వారాలు. సింకులో రెండు కప్పులు పక్కపక్కన కనిపించినా ఆమెకి ఇంకా నవ్వొస్తోంది.

అడ్డంకి ఒక్కటే. డబ్బున్న క్లబ్బులు మంచి ఆటగాళ్లందరినీ ఎగరేసుకుపోకుండా లీగ్ వాళ్లు జీతాలకి హద్దు, మనుషులకి పాయింట్లు పెట్టారు. ఊళ్లో పెరిగినవాడు ఒక పాయింటు, బయటినుంచి వచ్చినవాడు పది. జట్టు వంద దాటకూడదు. సెమిసి దిగితే నూటొకటి. పైగా అతని మోకాలు అరిగిపోయింది. వచ్చే ఏడు ఆడలేడు.

"నాలుగేళ్లుగా మీ ఊరి గోడలు పూస్తున్నా, మీ పిల్లలకి ఆట నేర్పుతున్నా. పెళ్లిలో మీ ఇంటిపేరు కూడా పుచ్చుకున్నా. ఇంకా పదేనా?" అన్నాడు సెమిసి.

"ఉండు, కొత్త పేరు కొట్టి చూస్తా."

ఎస్. క్విల్టీ అని కొట్టగానే తెర మీద 'ఒకటి' అని వచ్చింది.

"చూశావా! ఇల్లరికానికి రాయితీ ఇచ్చారు!" అంటూ మెరిన్ జాబితా పంపేసింది.

మధ్యాహ్నానికి మైదానం నిండా మంచు కమ్ముకుంది. మైకు గరగరలాడింది. "ఎనిమిదో నంబరు, సైలస్ క్విల్టీ."

మెరిన్ గబుక్కున మైకువైపు తిరిగింది. సైలస్ ఆమె తాత. పోయి పంతొమ్మిదేళ్లయింది. గౌరవానికని క్లబ్బు కమిటీ ఏటా ఆటగాళ్ల పట్టీలో ఆయన పేరు తిరగరాయిస్తూనే ఉందని ఆమెకి ఇప్పుడు గుర్తొచ్చింది. ముసలాళ్లంతా టోపీలు తీసి లేచి నిలబడ్డారు.

గేటు దగ్గర టికెట్లు చూసే ట్రెగేర్ వచ్చి చెవిలో చెప్పాడు. "మీ తాత ఇందాకే లోపలికెళ్లాడమ్మాయ్. టికెట్టడిగితే బూట్లు చూపించాడు."

"వేళాకోళాలొద్దు బాబాయ్!"

"వేళాకోళమేంటి? ఆటగాళ్లకి ఉచితమేగా."

ఇంతలో అవతలి జట్టు మేనేజరు డల్సీ పరుగెత్తుకొచ్చింది. "సైలస్సా నా మొహమా! వాడు సెమిసి! పది పాయింట్లు!" లీగ్ అధికారి ఓర్మ్ సెమిసిని గీత దగ్గరే ఆపేశాడు. ఈల మోగింది. ఓర్మ్ మంచులోకి వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. సెమిసి లేకుండానే జట్టులో పదిహేనుమంది. మళ్లీ లెక్కపెట్టాడు. పదిహేనే.

"నువ్విక్కడుంటే అక్కడ ఎనిమిదో నంబరు ఎవడయ్యా?"

మంచులోంచి పాతకాలపు కాలరు జెర్సీ ఒకటి దూసుకొచ్చింది. అడుగుల చప్పుడు మాత్రం లేదు. అడ్డుకోబోయిన ఇద్దరు చలికి వణుకుతూ కూలబడ్డారు. బంతి గీత దాటింది. కుర్రాబిన్ గెలిచింది.

ఆట అయ్యాక ఓర్మ్ కాగితం తీశాడు. "ఈయన జీతం?"

"తీసుకోడు," అంది మెరిన్.

"ఇప్పుడు ఉండేది?"

"గోలు పోస్టుల వెనక... శ్మశానంలో."

"అయితే ఊరివాడే. ఒకటి." ముద్ర పడింది.

మెరిన్ కోచ్ చెయ్యి పట్టుకుంది. "మరి ఫైనల్‌కి మా ఆయన..."

కోచ్ మంచువైపు చూస్తూ నిలబడ్డాడు. "ఒక్క పాయింటుకి అలాంటివాడు మళ్లీ దొరకడమ్మాయ్."

ఫైనల్ జాబితాలో సెమిసి పేరు నీళ్లందించేవాళ్లలో వచ్చింది. ఆ పనికి పాయింట్లు లేవు.