పిస్టను చదువు

తిరుపతిరావు పిల్లలకి పెద్దవాళ్ళు ముందే పేర్లు పెట్టేశారు గనక వాళ్ళు బతికిపోయారు. కుక్కపిల్ల దగ్గరికొచ్చేసరికి ఆయన్ని ఆపేవాళ్ళు లేకపోయారు. ఆటోనగర్‌లో స్పేరుపార్టుల కొట్టు ఉన్న మనిషి కదా, దానికి పిస్టను అని పేరు పెట్టాడు.

బదిలీ అయి వెళ్ళిపోతున్న ఒక రైల్వే ఆఫీసరు దాన్ని ఇచ్చి వెళ్ళాడు. తండ్రి అల్సేషనట. తల్లి ఊసు మాత్రం ఆయన ఎత్తలేదు. అందుకే కాబోలు, దాని ఒక చెవి పోలీసు కుక్క చెవిలా నిక్కి ఉండేది. రెండోది పటమట సెంటర్లో పడుకునే కుక్క చెవిలా వాలిపోయి ఉండేది.

పదో నెల వచ్చేసరికి పిస్టను దూడంత అయింది. రోజూ పాలాయన భుజాలమీద రెండు కాళ్ళూ వేసి క్షేమసమాచారాలు అడిగేది. డాబామీద ఎండబెట్టిన మినపవడియాలు చీరతో సహా కిందికి లాక్కొచ్చింది. పక్కింటి మార్త టీచరుగారి పరీక్ష పేపర్లు పదకొండు నమిలేసింది. ఆ పదకొండు మందినీ పాసు చెయ్యడం తప్ప ఆవిడకి వేరే దారి లేకపోయింది.

"ఏమండీ, ఇది కుక్కా, ఇళ్ళు పడగొట్టే కాంట్రాక్టరా?" అంది రాజ్యలక్ష్మి.

"పసిది రాజ్యం! దానికేం తెలుసు?"

"మీకు నలభై రెండొచ్చాయి. మీ అమ్మగారు మీ గురించి ఇప్పటికీ అదే మాట అంటారు."

తిరుపతిరావు పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడ దాన్ని మెల్లిగా కిందికి దించింది.

"వినండి. చల్లపల్లిలో మా తమ్ముడికి అరటితోట కాపలాకి కుక్క కావాలిట. వచ్చే నెల మొదటి ఆదివారం వస్తాడు. ఈలోగా ఇది కూర్చోమంటే కూర్చోవాలి, రమ్మంటే రావాలి, ఆగమంటే ఆగాలి. లేకపోతే వాడి వెంట వెళ్ళిపోతుంది. నేర్పాల్సింది కూడా మీరే. ఊళ్ళోవాళ్ళు నేర్పితే అది ఊళ్ళోవాళ్ళ కుక్కవుతుంది, మన కుక్క కాదు."

తిరుపతిరావు పిస్టనుకేసి చూశాడు. స్కూటరు వీధి మలుపు తిరగ్గానే చప్పుడు గుర్తుపట్టి గేటుదాకా పరిగెత్తుకొచ్చే ప్రాణి ఆ ఇంట్లో పిస్టను ఒక్కటే. మిగతావాళ్ళు కూరలు తెచ్చారా అని అడుగుతారు.

మర్నాడు పొద్దున్నే పెరట్లో నిలబడి "సిట్!" అన్నాడు. పిస్టను తోక ఊపింది. ఎలా కూర్చోవాలో తెలియలేదేమోనని తనే గొంతుక్కూర్చుని చూపించాడు. అది ఆయన వీపెక్కింది. మూడు రోజులు ఇలా జరిగాక పిస్టను ఉత్సాహంగానే ఉంది. తిరుపతిరావే నడుముకి అమృతాంజనం రాయించుకున్నాడు.

నాలుగోనాడు ఆయనకో ఉపాయం తట్టింది. కొట్టు వెనక లారీ షెడ్డులో జక్కయ్య అని కాపలావాడున్నాడు. ఇరవయ్యేళ్ళు లారీ క్లీనరుగా చేసి, మోకాళ్ళు అరిగి అక్కడ చేరాడు. షెడ్డు చుట్టుపక్కల కుక్కలన్నీ అతను చెప్పినట్టు వింటాయి.

"నెల్రోజులు వదలండి బాబూ! మనిషిని చేసి ఇస్తా" అన్నాడు జక్కయ్య.

"మనిషిని చెయ్యకు. కుక్కగా ఉంటే చాలు. ఈ సంగతి మాత్రం ఇంట్లో తెలియకూడదు."

"అలాగే. కాకపోతే తమరు కూడా పక్కనుండాలండీ. నేనేమంటే అది ఏం చేస్తుందో చూసుకోవాలి గదా!"

"నేర్చుకోవాల్సింది అదయ్యా, నేను కాదు" అని తిరుపతిరావు కొట్టులో గాస్కెట్ల డబ్బాల మధ్య నడుం వాల్చాడు.

అప్పట్నుంచీ రోజూ పిస్టను స్కూటరుమీద ఆయన కాళ్ళ మధ్య నిలబడి ఆటోనగర్ వెళ్ళేది. సాయంత్రం గ్రీజు పూసుకుని తిరిగొచ్చేది.

"ఏం నేర్పారు ఇవాళ?" అని రాజ్యలక్ష్మి అడిగేది.

"గొంతు పోయిందనుకో. అరిచి అరిచి!"

"ఒక్కటి చూపించండి."

"మధ్యలో చూపిస్తే దిష్టి తగులుతుంది" అని రేడియోలో వివిధభారతి పెట్టుకునేవాడు.

చివరి శనివారం జక్కయ్య చేతులు దులుపుకున్నాడు. "ఫస్టుక్లాసండీ! ఓ పావుగంట కూర్చుంటే మాటలన్నీ అప్పజెబుతా."

"రేపే పరీక్షయ్యా, ఇవాళ విసిగించకు. అన్నీ చేస్తుందా, చెయ్యదా?"

"మాట పడితే చాలండి, చేసేస్తుంది."

"అయితే ఇంకేం!" అని తిరుపతిరావు స్కూటరు తన్నాడు.

ఆదివారం పొద్దున్న బావమరిది రామకోటేశ్వరరావు అరటిగెలతో, దాంతోపాటు కొత్త గొలుసుతో దిగాడు. ఆ గొలుసు చూడగానే తిరుపతిరావుకి చెమటలు పట్టాయి. బావమరిది వాకిట్లో కాన్వాసు కుర్చీలో కూలబడ్డాడు. పోయిన పేపర్లకి న్యాయం జరుగుతుందేమోనని మార్త టీచరుగారు కూడా వచ్చి ముక్కాలిపీట వేసుకున్నారు.

తిరుపతిరావు తెల్ల ప్యాంటు వేసుకుని, మెళ్ళో ఈల తగిలించుకుని, పిస్టను గొలుసు ముంజేతికి రెండు చుట్లు చుట్టుకుని వచ్చాడు.

"పిస్టన్! సిట్!"

పిస్టను కొబ్బరిచెట్టుమీద కాకిని చూసింది.

"కమ్!"

అది వెళ్ళి అరటిగెల వాసన చూసింది.

"కూర్చో! కూర్చోవే! కూర్చోమ్మా... మా తల్లివి కదూ!"

"బావగారూ," అన్నాడు రామకోటేశ్వరరావు, "ఇది చెబితే కూర్చునే కుక్కా, బతిమాలితే కూర్చునే కుక్కా?"

సరిగ్గా అప్పుడే ఎదుటి స్థలంలో కడుతున్న ఇంటికి ఇటుకల లారీ వచ్చింది. క్లీనరు దిగి, లారీ వెనక నిలబడి, చెయ్యూపుతూ కేక పెట్టాడు.

"రానీ... రానీ... రానీ..."

పిస్టను రెండో చెవి కూడా నిక్కింది. అది గౌరవంగా అటు తిరిగి, అందరికీ వెనకభాగం చూపించి, ఒక్కొక్క అడుగే వెనక్కి నడవడం మొదలుపెట్టింది. కాఫీగ్లాసులున్న స్టూలు పడింది. అయినా ఆగలేదు. వెళ్ళి వెళ్ళి కాన్వాసు కుర్చీకి తగిలింది. కుర్చీ రామకోటేశ్వరరావుతో సహా మడతపడింది.

"లెఫ్టు కొట్టు... లెఫ్టు కొట్టు... రానీ..."

పిస్టను వెనకభాగం ఎడమకి తిప్పింది. మార్త టీచరుగారు ఆ వయసులో, ఆ ఒంటితో, పిట్టగోడ ఎలా ఎక్కారో ఆవిడకే తెలియదు.

"హోల్డాన్!"

పిస్టను మేకు కొట్టినట్టు ఆగిపోయింది.

తిరుపతిరావు ఛాతీ విరుచుకున్నాడు. "చూశారా!" అన్నాడు. "వెనక నడక! మిలిటరీలో తప్ప ఎక్కడా నేర్పరు!"

"లోపల నేనున్నాను, ముందు నన్ను తియ్యండి" అంది కుర్చీ.

లారీ సరైన చోట ఆగలేదు కాబోలు, క్లీనరు బాడీమీద రెండు దెబ్బలు చరిచాడు. "రైట్ రైట్! పోనీ!"

పిస్టను పోయింది. తెరిచిన గేటులోంచి వీధిలోకి, వీధిలోంచి కాలువ వైపుకి. గొలుసు రెండు చుట్లు చుట్టుకున్నాడు గనక తిరుపతిరావు కూడా పోయాడు. చెప్పొకటి గేటు దగ్గర, రెండోది కిళ్ళీకొట్టు దగ్గర ఊడిపోయాయి. "ఆగు" అందామని నోరు తెరిస్తే ఈల నోట్లో పడింది. ఆయాసపడ్డప్పుడల్లా అది కూసింది. పోలీసులు ఎవర్నో తరుముతున్నారనుకుని రిక్షావాళ్ళు దారిచ్చారు.

కాలువ గట్టు వచ్చేసింది. తిరుపతిరావు కళ్ళు మూసుకున్నాడు.

"హోల్డా...న్!"

వెనకనుంచి ఖంగుమని ఆడగొంతు. పిస్టను గట్టుమీద టక్కున ఆగింది. తిరుపతిరావు ఆగలేదు. ఆయన్నెవరూ తర్ఫీదు చెయ్యలేదు కదా! జారి, గుర్రపుడెక్కలో నడుందాకా దిగబడ్డాడు.

చీరకుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని రాజ్యలక్ష్మి వచ్చింది. మొగుణ్ణి ఒకసారి, కుక్కని ఒకసారి చూసి, అరచెయ్యి ఊపుతూ అంది.

"రానీ... రానీ... నిదానంగా రానీ..."

పిస్టను నాలుగు కాళ్ళూ నిగడదన్ని, వెనక్కి వెనక్కి నడిచి, బురదలోంచి తిరుపతిరావుని గట్టుమీదికి లాగి పడేసింది.

ఈల ఉమ్మేశాక ఆయన అడిగిన మొదటి మాట: "నీకెలా తెలుసు?"

"రోజూ పొద్దున్నే మీరు స్నానాలగదిలో ఉండగా ఆ లారీ వస్తుంది. మొదటివారంలోనే 'రానీ' అని వినపడగానే ఇది వెనక్కి నడుచుకుంటూ వంటింట్లోకొచ్చింది. పాఠాలు మీరు కాదు, కొట్టు వెనక లారీ షెడ్డువాళ్ళు చెబుతున్నారని అర్థమైపోయింది. మీరు సాయంత్రాలు రేడియో దగ్గర కూర్చున్నప్పుడల్లా నేను పెరట్లో జంతికముక్కలు పెట్టి ఆ లారీ మాటలే దీనికి మళ్ళీ చెప్పి చూసుకున్నాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"దిష్టి తగులుతుందన్నారుగా!"

ఇంటికొచ్చేసరికి రామకోటేశ్వరరావు కుర్చీలోంచి బయటపడి, నడుం పట్టుకుని నిలబడ్డాడు. "అక్కా, మరి కుక్కని తీసుకెళ్ళనా?"

"కుక్క పాసయిందిరా, అది రాదు. తప్పింది మీ బావగారు. కావాలంటే ఆయన్ని తీసుకెళ్ళు."

వాడు బురద కారుతున్న బావగారిని పైనుంచి కిందిదాకా చూశాడు. "తోటకి పనికిరారక్కా!"

మర్నాటినుంచి తిరుపతిరావు పెరట్లోనే బడి పెట్టాడు. పటమటలో ఎవరేమనుకున్నా సరే, లారీ భాష లేకుండా తనే సొంతంగా చెప్పాలని పంతం. జేబునిండా జంతికముక్కలు. "కూర్చో" అనడం, అది కూర్చునేదాకా నోరు మూసుకుని ఓపిగ్గా నిలబడటం. అంత ఓపిక ఆయన ఇన్నేళ్ళ సంసారంలో ఎవరిమీదా ఖర్చు పెట్టలేదు.

పన్నెండోనాటి పొద్దున్న "కూర్చో" అన్నాడు. పిస్టను ఆయన మొహంలోకి చూసి, తోక సర్దుకుని, కూర్చుంది.

"రాజ్యం! కూర్చుంది! నేను చెబితే కూర్చుంది!" తిరుపతిరావు కళ్ళు తుడుచుకుని జంతికముక్కలన్నీ ఒక్కొక్కటే దానికి పెట్టేశాడు.

"సంతోషం" అంది ఆవిడ కిటికీలోంచి. "ఇక లేపండి, వాకిలి ఊడవాలి."

తిరుపతిరావు "లే" అన్నాడు. పిస్టను కదల్లేదు. "పద" అన్నాడు. ఇంకో జంతికముక్క వస్తుందేమోనని అది మరింత సర్దుకుని కూర్చుంది. గొలుసు పట్టి లాగితే పొట్ట నేలకి ఆనించింది.

"రాజ్యం, దీన్ని లేపడం ఎలాగే?"

"అది నేను నేర్పలేదండీ. కూర్చోబెట్టినవాళ్ళే లేపుకోవాలి."

"నువ్వు ఓసారి రైట్ రైట్ అనరాదూ?"

"అంటాను. రేపట్నుంచి అది నా కుక్కే మరి."

ఆయన గబుక్కున వద్దన్నాడు. కొట్టు తెరిచే వేళయింది. కాసేపు నిలబడ్డాడు. కాళ్ళు పీకాయి. చివరికి పంచె పైకి దోపుకుని, పిస్టను పక్కనే మట్టిలో చతికిలబడ్డాడు.

రాజ్యలక్ష్మి గోడమీదుగా మార్త టీచరుగారికి కేకేసింది.

"ఏమండీ టీచరుగారూ, చూడండి! ఇద్దరూ కూర్చున్నారు!"