ప్లానులో ఏడవాల్సిన దుప్పి

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉన్నాయి గానీ, ఒక్క జర్నలిజం కాలేజీ లేదని జంతువులకు మహా వెలితిగా ఉండేది. ఆ వెలితి నెమలి మాస్టారు తీర్చారు. పిక్నిక్‌కి వచ్చిన మనుషులు పారేసుకున్న ఫోన్లను కోతులు ఏరి తెచ్చాయి. వాటితో కాలేజీ తెరిచి, తనే ప్రిన్సిపాలై కూర్చున్నారు.

మొదటి బ్యాచ్‌లో చంద్రి అనే ముంగిస చేరింది. పాములతో తగువు పెట్టుకోవడం తప్ప వాళ్ళ వంశంలో వేరే చదువు లేదు. కోర్సు పాసైతే అడవి వార్తల్లో విలేకరి ఉద్యోగం. వాళ్ళమ్మ అప్పుడే దారినపోయే కుందేళ్ళకు కూడా "మా పిల్ల విలేకరి" అని చెప్పేసుకుంటోంది. ఫెయిలైతే ఆవిడకు మొహం ఎలా చూపించాలా అన్నదే చంద్రి బెంగ.

"మల్టీమీడియా అంటే ప్లానే!" అన్నారు మాస్టారు. "వీడియో ఎక్కడ, ఫోటో ఎక్కడ, మ్యూజిక్ ఎక్కడ, అన్నీ ముందే రాసి తేవాలి. నేను సంతకం పెట్టాక కామా కూడా కదలకూడదు."

చంద్రి బొరియలోంచి కదలకుండా 'ఎండిన వాగు' అని ప్లాను రాసింది. పగిలిన నేల ఫోటో, దాహంతో ఏడుస్తున్న దుప్పి వీడియో, వెనక కోకిల విషాద రాగం. మాస్టారు పింఛం విప్పి మరీ మెచ్చుకున్నారు.

"ఆ దుప్పి ఏడుపు ఉంది చూశావూ, అదే కథకు ప్రాణం!"

ఫోను పట్టుకుని వెళ్తే, వాగు ఎండిన మాట నిజమే. కానీ ఇసుకలో అడవిపంది చెలమ తవ్వింది. నిండా తేటనీళ్ళు. అందరూ వరసలో వచ్చి తాగుతున్నారు. దుప్పి వెనకాల పులి కూడా బుద్ధిగా నిలబడి ఉంది.

"దుప్పత్తా, కాస్త ఏడుస్తావా?" అంది చంద్రి.

"ఎందుకే? ఇప్పుడేగా కడుపునిండా తాగాను."

"ప్లానులో ఉంది."

చదువుకునే పిల్ల అడిగితే కాదనలేక దుప్పి ఏడవబోయింది. నవ్వొచ్చింది. చివరికి పులి జాలిపడి ఒక్కసారి గుర్రుమన్నాక గానీ కన్నీళ్ళు రాలేదు.

చంద్రికి మనసొప్పలేదు. మాస్టారి దగ్గరికి పరుగెత్తింది.

"మాస్టారూ, దుప్పి వెనక పులి వరసలో నిలబడిందండీ! అది తీస్తే..."

"ప్లానులో పులి ఉందా?"

"లేదండి."

"చెలమ?"

"అదీ లేదండి."

"నేను సంతకం పెట్టాక తవ్వడం పంది తప్పు. కథ మార్చావో, ఫెయిలే."

చంద్రికి అమ్మ గుర్తొచ్చింది. నోరు మూసుకుని వాగు దగ్గరికి తిరిగొచ్చి, పులిచేత మళ్ళీ గుర్రుమనిపించి, చెలమ కనబడకుండా పక్కకు జరిగి దుప్పి ఏడుపు వీడియో తీసుకుంది.

బండ మీద తెర కట్టి కథ ప్రదర్శించారు. కోకిల రాగం ఎత్తుకోగానే అడవంతా వెక్కి వెక్కి ఏడ్చింది. "అయ్యో, నా బతుకు ఇంత ఘోరంగా ఉందా!" అని దుప్పి ఘొల్లుమంది. చెలమ తవ్విన పంది సైతం కళ్ళు తుడుచుకుంది. చంద్రికి ఫస్టు క్లాసు వచ్చింది.

తెల్లారేసరికి జంతువులన్నీ మూటాముల్లె సర్దుకుని పొరుగడవికి బయల్దేరాయి.

"ఆగండి! నీళ్ళున్నాయి, నా కళ్ళతో చూశాను!" అని చంద్రి అడ్డం పడింది.

"మేమూ చూశాం, తెర మీద," అని పులి తప్పుకుని వెళ్ళిపోయింది.

అందరికన్నా వెనక అమ్మ వస్తోంది, నెత్తిన మూటతో. చంద్రి ఆవిడ చెయ్యి పట్టుకుని చెలమ దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. అమ్మ దోసెడు తాగి మూతి తుడుచుకుంది.

"తియ్యగా ఉన్నాయే నీళ్ళు! మరి అందర్నీ అంత ఏడిపించావేమే?"

"పాసవ్వాలి కదమ్మా," అంటూ చంద్రి భోరుమంది.

"పాసయ్యావుగా, ఊరుకో," అని అమ్మ తల నిమిరింది. తర్వాత ఖాళీ అడవిని నాలుగువైపులా చూసింది. "మరి నీ వార్తలు ఎవరికి చెబుతావే తల్లీ?"



నీతి కావాలనేవాళ్ళకు: కథకు ముందు కావలసింది ప్లాను; నిజం, నీళ్ళు, చూసేవాళ్ళు అనేవి తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.